నీలం స్టిక్కర్

నారాయణఖేడ్,
21 జూన్ 2025.

అన్నకు వందనాలు.

ముందు క్షేమం, తర్వాత సంగతి రాయాలని నాయిన నేర్పాడు. నేనూ కృపా క్షేమమే. ఇగ సంగతి విను.

నిన్న చేను పేషీలో నా పేరు మూడుసార్లు పిలిచారట. నేను ఆ తలుపు బయటే బెంచీ మీద ఉన్నాను. పొద్దున పదింటికి పోయి కూర్చున్నదాన్ని, మూడున్నర దాకా లేవలేదు. చెవి మిషన్‌లో సెల్లు ఎప్పుడు చచ్చిందో తెలియదు. ఆగేముందు కుయ్ కుయ్‌మని చెప్పేది, ఈసారి ఆ మర్యాద కూడా లేదు. పెద్దాఫీసు కదా, జనం గొంతులు తగ్గించుకుని మాట్లాడుతున్నారని అనుకున్నాను. నా తెలివికి నాకే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

మన పెదనాయిన కొడుకు వీరేశ్ నా పక్కనే కూర్చున్నాడు. పేరు పిలిచినప్పుడు లేచి లోపలికి పోయాడు. నా భుజం మీద ఒక్కసారి తట్టి 'చెల్లే, నిన్నే పిలుస్తుండ్రు' అంటే వాడి సొమ్మేం పోయేది? లోపల నా పేరు ఎదురుగా 'గైర్ హాజర్' అని రాసుకున్నారు. సాయంత్రం క్లర్కు ఒక చిట్టీ మీద రాసి ఇచ్చాడు: మళ్ళీ పేషీ జులై పద్దెనిమిది, శుక్రవారం. ఆ రోజు కూడా నేను పలకకపోతే వీరేశ్ పెట్టిన కాగితమే ఖాయం చేస్తారు. మనూర్ దగ్గరి నాయిన రెండెకరాలు నాయినే బతికుండగా వాడికి ఇచ్చాడని ఆ కాగితం. అదింతవరకు నా కంటికి చూపించలేదు.

ఆ రెండెకరాల కందులు లేకపోతే నీ మేనకోడలు కృపకు చదువు లేదన్నా. నా కుట్టుమిషన్ మీద అన్నం దొరుకుతుంది, అంతే. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ చేనే మాకు మొగదిక్కు.

కాబట్టి నాకు మంచి సెల్లు కావాలి. నువ్వు మే నెలలో పంపినవి ఒక్కోటి రెండు రోజులు కూడా నడవలేదు. ఇక్కడ అడగని దుకాణం లేదు. బస్టాండు దగ్గర 'సెల్లు కావాలె' అంటే ఫోన్లు చూపించాడు. 'గుండీ సెల్లు' అంటే, టైలరమ్మ అడిగింది కదా అని అంగీ గుండీల డబ్బా తీశాడు. మందుల షాపులో లేవు. ఫ్యాన్సీ స్టోర్‌లో దొరికిన ఆటబొమ్మల సెల్లు సైజే వేరు. చెవి మిషన్ల షాపుకు పట్నం రావాలంటే ఒక రోజు పని పోతుంది, అక్కడి ధర విని ఇంకో రోజు నిద్ర పోతుంది. నువ్వే దిక్కు. పక్కా నడిచేవి చూసి పంపు.

ఫోన్ చేయకు. చేసినా నాకు నీ గొంతు గరగరమనే వినిపిస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు జ్వరంతో నా చెవులు పోయిన నాటి నుంచి మనకు చిట్టీలే కదా అలవాటు. ఎదురెదురుగా అన్నం తింటూ కూడా రాసుకునేవాళ్ళం.

రోజ వదినకు వందనాలు చెప్పు.

నీ చెల్లె,
కోమల.


కోఠి, హైదరాబాద్,
25 జూన్ 2025.

చెల్లె కోమలకు దీవెనలు.

నీ ఉత్తరం చదివి నిన్నంతా నా చెయ్యి పనిమీద నిలవలేదు. ఒక ముసలాయన గడియారం స్క్రూ కింద పడి, దాన్ని వెతకడానికే గంట పట్టింది. వాన పడి దుకాణం ముందర నీళ్ళు నిలిచాయి. గొడుగు పట్టుకుని కూర్చుని గడియారాలు బాగుచేసే మనిషిని చూడాలంటే ఇక్కడికి రా.

సెల్లుల సంగతి. చెల్లే, నేను ముప్పై ఏళ్ళుగా గడియారాల్లో సెల్లు మారుస్తున్నాను. నీకోసం మార్చిలో హోల్‌సేల్‌లో డబ్బా మొత్తం కొన్నాను, అరవై సెల్లు. చెవి మిషన్ల షాపు ధరలో సగం కూడా పడలేదు. కొన్న రోజే దుకాణం మూశాక కూర్చుని, ఒక్కోటీ అట్టలోంచి తీసి, మీద అంటించిన నీలం స్టిక్కర్ పీకి, మీటర్ పెట్టి చూసి, పొడి డబ్బీలో సర్దాను. అరవైలో ఒక్కటి కూడా తక్కువ చూపించలేదు. పరీక్షించకుండా ఎవరికీ సెల్లు ఇవ్వను, అది నా దుకాణం మర్యాద. ఇప్పుడు పంపుతున్న ఆరు కూడా ఈ పొద్దున మళ్ళీ చూశాను. అన్నీ బాగున్నాయి.

తప్పు నీ దగ్గరే ఉండొచ్చు. రాత్రి పడుకునేటప్పుడు మిషన్ తలుపు తెరిచి పెడుతున్నావా? చెమట తగులుతుందా? కుట్టుమిషన్ నూనె వేళ్ళతో సెల్లు పట్టుకుంటున్నావేమో చూసుకో. కోప్పడకు, అడుగుతున్నాను, అంతే.

మొన్న వీరేశ్ దుకాణానికి వచ్చాడు. చాయ్ తాగాం. పేషీ మాట కూడా వచ్చింది. అదంతా తర్వాత రాస్తాను.

రోజ బీరువా సర్దుతూ నాయిన చిట్టీల బిస్కెట్ డబ్బా బయటికి తీసింది. పారేయమంటావా అని అడిగింది. ముట్టుకుంటే బాగుండదన్నాను. నీకు రాసినవన్నీ అందులోనే ఉన్నాయి, నువ్వు చదివి పడేస్తుంటే నేను ఏరి పెట్టినవి.

ఈ ఉత్తరం, సెల్లు కలిపి బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. డిపోలో అడిగి తీసుకో.

మీ అన్న,
నాగేశ్.


నారాయణఖేడ్,
3 జులై 2025.

అన్నకు వందనాలు. అందరం క్షేమం.

నువ్వు రాసినవన్నీ చేశాను. మిషన్ తలుపు రాత్రి తెరిచే పెడుతున్నాను. వేళ్ళు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పొడి గుడ్డతో పట్టుకుని మరీ సెల్లు వేశాను. పెళ్ళిలో బాసింగం కట్టేటప్పుడు కూడా ఇంత జాగ్రత్త పడరు.

మొదటిది ఒక రోజు నడిచింది. రెండోది ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఆగింది. పాస్టరు నోరు కదులుతూనే ఉంది, అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు, నేను ఒక్కదాన్నే దేవుడి ముందర బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాను. మూడోది పక్కింటి నర్మద జాకెట్టు కొలతలు చెప్తుంటే పోయింది. నాలుగోది వేసిన గంటకే. ఇంకా రెండున్నాయి. వాటిని తీయడానికే భయంగా ఉంది.

ఒక మాట అడుగుతాను. ఫిబ్రవరిలో క్యాంపులో మిషన్‌తో పాటు ఇచ్చిన సెల్లు ఒక్కోటి పదిరోజులు నడిచాయి. వాటి మీద నీలం స్టిక్కర్ ఉండేది, కృప వేసేటప్పుడు పీకేది. నువ్వు పంపినవాటి మీద ఏదీ లేదు. నువ్వే పీకానని రాశావు. నమ్మాలనే ఉంది. కానీ వాడినవీ వాడనివీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయని నీకు బాగా తెలుసు.

ఇంకో మాట. నిన్న నర్మద వచ్చి, నాకు అర్థమయ్యేటట్టు పెదాలు సాగదీసి చెప్పింది: "వీరేశ్ మార్కెట్ల అందరికీ జెప్తుండు. నాగేశ్ నా దిక్కే ఉన్నడు, పట్నంల చాయ్ తాగించిండు, సంతకం గూడ పెడ్తనన్నడు అని." నేను నమ్మలేదు. నర్మద కళ్ళలోకి చూస్తే ఆమె నమ్మినట్టే ఉంది.

పేషీ మాట తర్వాత రాస్తానన్నావు. ఇంకా రాయలేదు. పద్దెనిమిది దగ్గరికొస్తోంది. నాకు ఇక్కడ అన్నం సహించడం లేదన్నా. ఒక్క ముక్క రాయి: వీరేశ్ నీ దగ్గరికి ఎందుకొచ్చాడు?

కోమల.


కోఠి,
7 జులై 2025.

కోమలకు.

క్షేమం అడగాలి కాబట్టి అడుగుతున్నాను, నువ్వూ కృపా బాగున్నారా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రోజతో మరోసారి చదివించుకున్నాను, నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమో అని. తప్పేం లేదు. నేను నీకు వాడిన సెల్లు పంపుతున్నానని నీ అనుమానం.

మొహం తెలియని మనిషి గడియారంలో చచ్చిన సెల్లు వేసి పంపని వాణ్ని, సొంత చెల్లె చెవిలో వేస్తానా? స్టిక్కర్ పీకకుండా మీటర్ ముల్లు ఎక్కడ పెట్టాలి? నేను పని చేసే తీరు అది. ఒకటికి రెండుసార్లు చూడకపోతే నాకు నిద్ర పట్టదు. ఎవరైనా పనిలో చాదస్తుడని తిట్టినా పడతాను గానీ, దొంగ అంటే పడను.

వీరేశ్ సంగతి. వచ్చాడు. ఒక కాగితం చూపించాడు. నేను చదివాను. చాయ్ తాగించాను, ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళైనా ఇవ్వాలని నాయిన నేర్పలేదా మనకు? సంతకం పెట్టానా అని నీ మనసులో ఉన్నది. పెట్టాను. ఒక కాగితం మీద సంతకం పెట్టిన మాట నిజం. ఏ కాగితమో పేషీ రోజు చదువుతారు. నువ్వే విను.

పద్దెనిమిదిన నేను రాలేను. ఆ రోజు నాకు వేరే పని ఉంది.

నాగేశ్.


నారాయణఖేడ్,
10 జులై.

నాగేశన్నా,

కోపమొస్తే నాకు బడి తెలుగు రాదని నీకెరుకే. రాకపోతె పాయె.

సంతకం పెట్టినవా? పెట్టి మల్ల గంత ధీమాగ రాస్తవా? ఇరువై రోజులకెల్లి నేను అన్నం తింటలేను, నువ్వు కూసోని వాడితోని చాయ్ తాగుతున్నవ్. "నువ్వే విను" అని రాస్తివి. ఏం పెట్టుకోని వినాలె? నువ్వు పంపిన గా చచ్చిన సెల్లులు పెట్టుకోనా? నేను వినొద్దనే గదా అవి పంపింది! నేను గా బెంచీ మీద మొద్దులెక్క కూసుంటే వాడు మల్ల లోపలికి పోవాలె, నువ్వు పెట్టిన సంతకం సదవాలె, నాకు గైర్ హాజర్ రాయాలె. గంతే గదా నీ ప్లాను?

వేరే పనున్నదట. చెల్లె చేను పోతుంటే గంతకన్న పెద్ద పనేందో జర జెప్పరాదు.

మిగిలిన రెండు సెల్లులు గీ కవర్లనే పెట్టిన. నీ మీటర్ మీద పెట్టి సూసుకో. మంచిగున్నయని సంబురపడు.

నాయిన ఉంటే నీ మొఖం సూడకపోవు.

కోమల


కోఠి,
14 జులై 2025.

కోమలకు.

నువ్వు తిరిగి పంపిన రెండు సెల్లు మీటర్ మీద పెట్టాను. రెండూ ఒకటి పాయింట్ మూడు వోల్టులు చూపించాయి. సెల్లు బాగానే ఉన్నాయి, నువ్వు చెప్పిందీ అబద్ధం కాదు. ఆ రెండూ ఎట్లా నిజమవుతాయో నాకు అర్థం కావడం లేదు. ముప్పై ఏళ్ళ పనిలో నాకు ఇట్లాంటి పరేషాన్ రాలేదు.

అందుకని ఈ కవర్‌లో సెల్లు పెట్టడం లేదు. పెడితే నువ్వు నమ్మవు, ఇప్పుడు నేనూ నమ్మను. చెవి మిషన్ల షాపుకు రెండు రోజులు రోజను పంపాను, ఈ సైజు స్టాకు లేదన్నారు. వారం పడుతుందట.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. నీ కుట్టు దుకాణంలో క్యాలిక్యులేటర్ ఉంది కదా, నేనే కొనిచ్చింది. దాని వెనక రెండు స్క్రూలు. లోపల ఒక గుండీ సెల్లు ఉంటుంది, మీద ఎల్ఆర్ నలభైనాలుగు అని ఉంటుంది. అది నీ చెవి మిషన్ సెల్లుకు సరిగ్గా అదే సైజు. చెవి మిషన్ కోసం చేసింది కాదు, ఎక్కువసేపు లాగలేదు. రెండు గంటలు నడిస్తే గొప్ప. కానీ ఆ రెండు గంటలు మోసం చేయదు. ప్లస్ గుర్తు మిషన్ తలుపు మీది గుర్తు వైపే ఉండాలి. ముందుగా వేసి వృథా చేయకు. పేరు పిలిచే వేళ చూసి వెయ్యి.

మిగతా వాటికి నేను జవాబు రాయను. నాయిన మాట ఎత్తకుండా ఉండాల్సింది.

నాగేశ్.


నారాయణఖేడ్,
19 జులై 2025.

అన్నకు వేయి వందనాలు.

క్షేమం తర్వాత రాస్తాను. నాయిన క్షమించాలి. ముందు నిన్నటిదంతా వరసగా రాయనీ, లేకపోతే నా గుండె ఆగేట్టుంది.

మొన్న సాయంత్రం క్యాలిక్యులేటర్ విప్పాను. నువ్వు చెప్పినట్టే ఉంది సెల్లు. నీ మీద కోపంతో దాన్ని బయట పారేద్దామనుకున్నాను కూడా. కానీ ఇంకో దారి లేదు. కాగితంలో చుట్టి కొంగున ముడేసుకుని పోయాను.

ఈసారి తలుపుకు ఎదురుగా కూర్చున్నాను, అటెండర్ పెదాలు కనిపించేటట్టు. వీరేశ్ తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. పదకొండైంది, పన్నెండైంది. రెండు గంటల సెల్లు చేతిలో పెట్టుకుని ఎప్పుడు వేయాలో తెలియక నా ప్రాణం తోడేసినట్టయింది. ఇప్పుడే వేస్తే భోజనాల వేళకు చస్తుంది. వేయకపోతే పేరు దాటిపోతుంది. అటెండర్ బయటికి వచ్చిన ప్రతిసారీ సగం లేచేదాన్ని.

నా పక్కన నాగల్‌గిద్ద నుంచి వచ్చిన ఒక ముసలాయన, పేరు యేసయ్య. ఆయన చెవి వెనకా మిషన్ ఉంది. నా చేతిలో సెల్లు, ఖాళీ మిషన్ చూసి సంగతి పట్టేశాడు. నా అరచేతి మీద వేలితో రాసి, పెదాలు మెల్లగా కదిపాడు: "నీ పేరొస్తె నేను తడ్త బిడ్డా. అప్పటిదాంక దాచుకో." సెల్లు మళ్ళీ కొంగున ముడేసుకున్నాను. సొంత మనిషి తట్టలేదు, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన తడతానన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

ఆయన దగ్గర అదనపు సెల్లు ఉంది. అట్ట తీసి చూపించాడు. మీద నారింజ రంగు స్టిక్కర్, నాదానికంటే చిన్నది, పట్టదు. అప్పుడు ఆ స్టిక్కర్ మీద వేలు పెట్టి, నా సెల్లుకు ఇది ఏదని సైగ చేశాడు. ఇది క్యాలిక్యులేటర్ సెల్లని, అసలువి మా అన్న స్టిక్కర్ పీకి, మీటర్ పెట్టి, డబ్బీలో దాచి పంపుతాడని చిట్టీ మీద రాసి చూపించాను. ఆయన తల పట్టుకుని, నా చిట్టీ వెనకే రాశాడు. ఆ చిట్టీ ఈ ఉత్తరానికి పిన్ను చేశాను, చూడు:

"గీ సెల్లుకు గాలే తిండి. స్టిక్కర్ కింద సన్న బొక్కలుంటయ్. పీకంగనే గాలి తాగుడు షురూ. ఇగ వాడినా వాడకున్నా కొద్దిరోజులల్ల ఖతం. మీటర్ మీద మంచిగనే కనవడ్తది, చెవుల పెడ్తె దమ్ముండది. మీ అన్న గడియారాలోడా ఏంది?"

ఆ చివరి మాట చదివి, అన్నా, అంత భయంలో కూడా ఫక్కున నవ్వొచ్చింది. అరవై సెల్లుల స్టిక్కర్లు ఒక్క రాత్రి కూర్చుని పీకినవాడివి నువ్వు. ఎంత జాగ్రత్త చేశావో అంత చంపావు వాటిని. నేనేమో నీ మీద నిందవేశాను. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే సంతకం సంగతి ఇంకా అట్లాగే ఉంది కదా.

అంతలో యేసయ్య లేచాడు. ఆయన పేరే పిలిచారు. లోపలికి పోతూ నా వైపు తిరిగి, ఇగ నువ్వే చూసుకో అన్నట్టు చేతులు తిప్పాడు. తట్టే మనిషి పోయాడు. నేను వెంటనే కొంగు ముడి విప్పాను. తొందరలో ఒకసారి సెల్లు కింద పడింది, బెంచీ కిందికి దొర్లింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతికి తీశాను. ప్లస్ గుర్తు చూసి, వేసి, మిషన్ తలుపు మూశాను.

చప్పుడంతా ఒక్కసారి వచ్చి పడింది. ఫ్యాను, చెప్పులు, ఎవరిదో దగ్గు. మెట్ల దగ్గర ఇద్దరు కన్నడంలో కొట్లాడుతున్నారు. పదినిమిషాలో, ఇరవైయో. తర్వాత వినిపించింది: "కోమల! ప్రేమదాసు బిడ్డ కోమల!"

"ఉన్న సార్!" అని అరిచాను. వరండా అంతా నన్నే చూసింది. వీరేశ్ నవ్వు పోయింది.

లోపల క్లర్కు ముందుగా వీరేశ్ కాగితం చదివాడు. ప్రేమదాసు చదువు రాని మనిషి అయినందున, తన రెండెకరాలు వీరేశ్‌కు ఇస్తూ వేలిముద్ర వేశాడని ఉంది అందులో. వేలిముద్ర! ఆదివారం ఆదివారం చర్చిలో నిలబడి బైబిల్ చదివే మనిషికి! నేను నోరు తెరిచేలోపు పేషీ నడిపే సారు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఇంకో కాగితం ఉందన్నాడు, ప్రేమదాసు కొడుకు నాగేశ్ పంపినదని.

నేను మిషన్ తీసేద్దామనుకున్నాను అన్నా. నిజం రాస్తున్నాను. నీ సంతకం ఉన్న కాగితం వినడం కంటే చెవుడే నయమనిపించింది. చెయ్యి చెవిదాకా పోయింది కూడా.

క్లర్కు చదివాడు. ఆ చేను నాయిన ఉన్నప్పటి నుంచి నా చెల్లె కోమలే చేసుకుంటోందని, అందులో నాకేమైనా భాగం ఉంటే అది కూడా ఆమెదేనని, వీరేశ్ చూపిన వేలిముద్ర మా నాయినది కాదని. మా నాయినకు చదవడం రాయడం వచ్చునని, చెవులు వినపడని కూతురికి రోజూ చిట్టీలు రాసేవాడని, రుజువుగా నలభైమూడు చిట్టీలు జత చేస్తున్నానని.

సారు ఆ కట్ట విప్పాడు. పైనున్న చిట్టీ తీసి, కళ్ళజోడు సర్దుకుని, గట్టిగా చదివాడు.

"కోమలా, వాన వచ్చేటట్టుంది. ఉరుములు నీకు వినపడవని నాకు భయం. బాయి దిక్కు పోకు. గుడ్డలు తీసుకొని లోపలికి రా బిడ్డా. నాయిన, ప్రేమదాసు. తొమ్మిది, ఏడు, తొంభైనాలుగు."

ముప్పై ఏళ్ళ కింద ఆ చిట్టీ చదివి నేను పారేసి ఉంటాను. నాయిన ఈ మాటలు రాశాడే గానీ, ఏ రోజూ నా చెవిన పడలేదు. నిన్న ఎవరో తెలియని సారు గొంతులో విన్నాను. 'బిడ్డా' అనే మాట కూడా విన్నాను. ఆ తర్వాత మిషన్ కుయ్ కుయ్‌మంది, ఇంకో రెండు మాటలకు ఆగిపోయింది. మిగతాది క్లర్కు రాసి ఇచ్చాడు. వేలిముద్ర ఎవరిదో వీరేశే వచ్చే పేషీలో చెప్పాలట, నన్ను మళ్ళీ పిలవనక్కర లేదట. నా పేరు ఎదురుగా 'హాజరు' అని రాశారు. నేను అడిగి మరీ చూశాను.

అన్నా, నేను రాసిన పదో తారీకు ఉత్తరం ఉంటే చింపెయ్యి. ఉంచుకుంటే నీ ఇష్టం, నువ్వు అన్నీ ఏరి పెట్టే రకం. నీ కాళ్ళు పట్టుకోవాలి నేను. కానీ నీ మీద ఒక కోపం మాత్రం మిగిలే ఉంది: ఆ ఒక్క ముక్క ముందే ఎందుకు రాయలేదు? ఆ వేరే పని ఏంది?

మేం క్షేమం. నువ్వు క్షేమమా?

నీ చెల్లె,
కోమల.


కోఠి,
29 జులై 2025.

చెల్లె కోమలకు దీవెనలు.

అక్షరాలు ఇంత పెద్దవి ఎందుకని అడుగుతావు. పద్దెనిమిదో తారీకు నా కుడికంటికి ఆపరేషన్ అయింది. శుక్లం. నాలుగు నెలలు తిరిగితే దొరికిన తారీకు అది, వదిలితే మళ్ళీ దసరా తర్వాతే అన్నారు. గడియారాలోడికి కన్ను పోతోందని తెలిస్తే ఎవరు వస్తారు? అందుకని రోజకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సెల్లుల అట్ట వెనక సన్న అక్షరాలతో ఏదో రాసి ఉండేది. చదవలేకపోయాను, సెల్లు గురించి నాకు ఎవరు చెప్పాలిలే అనుకుని అట్టలు పారేశాను. పట్టీ తీశాక రోజ దుకాణం మూలన మిగిలిపోయిన ఒక అట్ట వెతికి తెచ్చింది. వాడే రోజే స్టిక్కర్ పీకండి అని బొమ్మతో సహా ఉంది.

కాగితం సంగతి పేషీదాకా బయట పెట్టొద్దని వకీలు అన్నాడు. వీరేశ్ చెవిన పడితే కాగితం మారుస్తాడని. అది సగం నిజం. నీకు ఒక్కదానికి రాస్తే ఏమీ అయ్యేది కాదు. వాడిన సెల్లు అన్నావని కోపం పెట్టుకున్నాను. ఉడుకుమోత్తనం. నువ్వు మిషన్ తీసేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు చెమటలు పోస్తున్నాయి. నన్ను క్షమించు చెల్లే.

చిట్టీలు ఆఫీసు నుంచి తిరిగొచ్చాక డబ్బా నీకే పంపుతాను. నీ పదో తారీకు ఉత్తరం కూడా అందులోనే ఉంటుంది. చింపను.

యేసయ్యగారికి ఏ సైజు సెల్లు కావాలో రాయి.

షాపులో స్టాకు వచ్చింది. ఈ కవర్‌లో ఒక అట్ట పెట్టాను, ఆరు సెల్లు. అట్ట కూడా విప్పలేదు. మీటర్ పెట్టలేదు. బాగున్నాయో లేవో నాకు తెలియదు. నా జన్మలో మొదటిసారి చూడకుండా ఒక మనిషికి సెల్లు ఇస్తున్నాను. నీలం స్టిక్కర్లు ఆరూ ఉన్నాయి. నువ్వే పీకు.

మీ అన్న,
నాగేశ్.